వేడి ఊట కాగితాలు

భూమి కడుపులోని వేడితో నిజాం రాజ్యమంతా దీపాలు వెలిగిస్తానన్న సామ్యూల్‌కు, పొద్దున్నే కాగెడు వేడి నీళ్లు పడందే ఒళ్లు వంగేది కాదు. సీతాఫల్‌మండిలో ఆయన ఇంటి పెరట్లో తడి కట్టెలను ఊది ఊది ఆ నీళ్లు కాచేది పీరాంబీ.

సామ్యూల్‌ది సర్కారు గనుల కచేరీలో కొలువు. నలభై అయిదులో ఒకనాడు, పొగకు కళ్లు తుడుచుకుంటూ ఆమే మాట జారింది.

"మా ఊర్ల ఈ తక్లీఫ్ లేదు సారు. గోదారి ఒడ్డుకు వేడి ఊట ఉన్నది. బియ్యం గుడ్డల కట్టి ముంచితే మెత్తగైతయి."

సామ్యూల్ నవ్వాడు. నవ్వడం అయ్యాక నోటుబుక్కు తీశాడు. నెల తిరక్కుండా ఆ ఊరికి పోయి, ఊటను కొలిచి వచ్చి, ఉర్దూలో నలభై పేజీలు రాశాడు. లోతుకు పోతే వేడి ఇంకా ఎక్కువ. అక్కడి ఆవిరిని పైకి తెస్తే చక్రం తిరుగుతుంది. చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది. ఆ నలభై పేజీల్లో పీరాంబీ పేరు లేదు. "స్థానికుల మాట ప్రకారం" అని మాత్రం ఉంది.

దానికి ఆమె ఏమీ అనుకోలేదు. ఆమెకు కావలసింది వేరు. "మంజూరు రానీ, నీ మొగుడు మౌలా అలీని ఊట కాడ చౌకీదారుగా పెట్టిస్త" అన్నాడు సామ్యూల్. రెజిమెంటల్ బజార్‌లో మూటలు మోసి నడుము విరిగిన మొగుడితో సొంత ఊరికి తిరిగిపోవడానికి ఆమెకున్న దారి ఆ ఒక్క మాటే.

"కాయితం ఎందాక పోయింది సారు?" అని నెలకోసారి అడిగేది.

"పై కచేరీకి పోయింది."

పై కచేరీకి పైన ఎన్ని కచేరీలుంటాయో ఆమెకు తెలియదు. సామ్యూల్‌కూ తెలియదు.

నలభై ఎనిమిదిలో హిందుస్తాన్ సరకు రాకుండా కట్టడి చేసింది. దీపాల్లోకి గ్యాసునూనె కరువైంది. ఇదే అదననుకుని సామ్యూల్ కొత్త మొదటి పేజీ రాసి పై కచేరీకి పంపాడు: "ఈ ఊట ఉండగా సర్కారు వారు దీపాల నూనె కోసం హిందుస్తాన్ వాకిట చేయి చాచనక్కర లేదు." ఆ వాక్యం తనకే ఎంతో నచ్చి, పీరాంబీకి తెలుగులో చదివి వినిపించాడు కూడా.

సెప్టెంబరులో అదే హిందుస్తాన్ పటాలాలతో వచ్చింది. అయిదో రోజున లడాయి అయిపోయిందని రేడియో చెప్పింది. మర్నాడు పొద్దున సామ్యూల్ పెరట్లోకి వచ్చాడు. ఏదో కొర్రీతో తిరిగొచ్చిన అసలూ, ఇంట్లోని నకలూ రెండూ ఆయన చేతుల్లో ఉన్నాయి.

"పొయ్యిల పెట్టు, పీరాంబీ. జల్ది."

"మా ఊరు సుత అండ్లనే ఉన్నది గద సారు?"

"ఊరు కాలదు. కాయితమే కాలుతది. ఆ మొదటి పేజీ ఎవరన్న చూసిండ్రంటే ముందుగాల నేను కాలుత."

"అయితే ఆ ఒక్క పేజీ తీసేయుండ్రి."

"అన్నిటి మీద ముద్రలున్నయి, ఒక్కటి తీసినా తెలుస్తది. నాతోని వాదులాడకు!"

ఆమె ఒక్కొక్క కాగితమే పొయ్యిలో పెట్టింది. మౌలా అలీ చౌకీదారీ కూడా అందులోనే పోయింది. ఇన్ని కాగితాలు మండినా నీళ్లు గోరువెచ్చనైనా కాలేదు. వణుకుతూనే స్నానం చేసి, సామ్యూల్ తెల్ల చొక్కా తొడుక్కుని పటాలాన్ని చూడబోయాడు.

రెండు నెలలకు కచేరీకి కొత్త అధికారి వచ్చాడు. వేడి ఊట మీద ఏదో పథకం ఉండేదట గదా, మంచి ఆలోచన, వారంలో ఇంగ్లీషులో కావాలన్నాడు.

సామ్యూల్ తెల్ల కాగితాలు పట్టుకుని పొయ్యి దగ్గర పీట వేసుకున్నాడు.

"పీరాంబీ, ఊట ఎన్ని మూరల వెడల్పు ఉంటదే?"

"మీరే కొలిచిండ్రు గద సారు."

"కొలిచిన. మల్ల కాలవెడితి."

ఆమె కట్టెను లోపలికి తోసింది.

"చెప్త. ముందుగాల మౌలా అలీ పేరు రాయుండ్రి. చౌకీదారని."

"రిపోర్టుల చౌకీదారు పేరు ఎవరన్న రాస్తరా?"

"రిపోర్టును నీళ్ల కాగు కింద ఎవరన్న పెడతరా అని ఆనాడు నేను అడిగిన్నా?"

సామ్యూల్ రాశాడు.

"ఏది పేరు? చూపెట్టుండ్రి."

చూపించాడు. పీరాంబీ పొయ్యి అంచున బొటనవేలు రాసి, ఆ మసిని పేరు పక్కన గట్టిగా అద్దింది. కొత్త సర్కారులో ఆ పథకానికి పడ్డ మొదటి ముద్ర అదే. సామ్యూల్ చెరపబోయి, ఊట వెడల్పు ఇంకా తెలియలేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

"ఎండకాలంల పన్నెండు మూరలు సారు," అంది పీరాంబీ. "వానకాలం సంగతి, మంజూరైనంక చెప్త."