గోడవారన ఖాళీ చోటు

మా ఆయన పేరయ్య మిరపకాయల టిక్కీ బస్తా మోస్తూ కల్లంలో జారిపడి, తుంటి విరగ్గొట్టుకుని మూడు నెలలైంది. ఊరందరికీ తెలుసు. అంతకు కొద్ది నెలల ముందే మా చర్చికి పాస్టరుగా వచ్చిన ఏసుబాబు అయ్యగారికి మాత్రం చెప్పొద్దని నేనే అందరి నోళ్లూ మూయించాను. ప్రతి ఆదివారం మైకులో తాను మా కాపరినంటారు కదా, మందలో ఎవరు లేరో ఆయనే కనిపెట్టాలి. అదీ నా పట్టుదల. మా ఆయనేమో, తను రాకపోతే ఎవరికి తెలుస్తుందిలే అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

మొన్న శనివారం నేను కల్లంలో మిరప రాశిలోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాను. పక్క చేలో ఎరువు కోసం యలమందయ్య గొర్రెల మంద పెట్టాడు. ‘మంచి కాపరి’ సభల ఫ్లెక్సీకి ఫోటో దిగాలని అయ్యగారు తెల్లబట్టల్లో వచ్చి ఒక గొర్రెపిల్లను ఎత్తుకున్నారు. అది కాస్తా చొక్కా తడిపేసింది. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

అంతలో యలమందయ్య మందవైపు చూసి, చెవితెగిన గొర్రె లేదంటూ కర్ర అందుకున్నాడు. లెక్కపెట్టకుండా ఎలా తెలిసిందని అయ్యగారు అడిగారు.

“లెక్కెందుకండీ? అదెప్పుడూ చివర నిలబడుద్ది. ఆ చోటు ఖాళీగా ఉంది.”

ఇద్దరూ ఒకటే పరుగు. చేట పడేసి నేనూ వెనకాలే. పత్తికట్టె మోపుల వెనక దొరికింది. అప్పుడే ఈని, పిల్లను నాకుతోంది! అయ్యగారు ఫోటో సంగతే మరిచిపోయారు.

మర్నాడు ఆరాధనలో ఆయన బైబిలు తెరవలేదు. చాపల మీద కూర్చున్న ఒక్కొక్కరి ముఖమే చూస్తూ వచ్చారు. ఆ చూపు మగవాళ్ల చివరి వరస దాటింది. మళ్లీ వెనక్కి వచ్చి ఆగింది.

“ఆ గోడవారన ఒక పెద్దాయన కూర్చునేవారు. ఏరండీ?”

లేచి నిలబడ్డాను. మూడు నెలలుగా దాచుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో! మా ఆయన పేరయ్యండీ, మంచాన ఉన్నాడండీ అని మాత్రం అన్నాను. పేరు కూడా తెలుసుకోని తప్పు తనదని అందరి ముందూ ఒప్పుకుని, అయ్యగారు చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగారు. చెప్పనివ్వని తప్పు నాదని అప్పుడు తోచింది. సంఘమంతా పాట ఎత్తుకుని, డోలక్ వాయిస్తూ వెంట నడిచింది. ఈ వయసులో నేను కుచ్చెళ్లు ఎగదోపుకుని అందరికన్నా ముందు పరుగెత్తాను.

ఆ పాట ఎవరింటికని మా ఆయన గోడవైపే తిరిగి అడిగాడు. మనింటికేనన్నాను. నమ్మలేదు. అంతలో అయ్యగారు తలవంచి గుమ్మం దాటుతూ “పేరయ్యగారూ” అని పిలిచారు.

మా ఆయన ఇటు తిరిగాడు. గుమ్మం నిండా జనాన్ని చూశాడు. కళ్లు తుడుచుకుని నన్ను కసిరాడు.

“చూస్తావేంటే, నా తెల్లచొక్కా ఇటివ్వు.”