బావ మాస్కు

డాక్టరు ఫోను పెట్టేశాక కూడా ఆమె రిసీవర్ని చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది. వంతెన మీద పనిచేసే వాళ్ళందరికీ రక్తపరీక్షలు చేశారు. ఒక్కరికి తప్ప అందరికీ బాగానే ఉంది. ఆ ఒక్కరూ స్వయానా ఆమె అక్క మొగుడు.

"రక్తంలో సీసం ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుంది. మాస్కు సరిగ్గా పెట్టుకుంటున్నాడో లేదో మీరే చూడాలి మరి," అన్నాడు డాక్టరు.

చూడడమే ఆమె ఉద్యోగం. నది మీది పాత ఇనప వంతెనకి ఏ కాలంలోనో సీసం కలిపిన రంగు వేశారు. ఇప్పుడు దాన్ని తుప్పుతో సహా గీకి పారేసి కొత్త రంగు వెయ్యాలి. గీకుతుంటే లేచే దుమ్ము ఊపిరితో లోపలికి పోతే మనిషి తెలియకుండానే గుల్లయిపోతాడు. అందుకని పరంజా ఎక్కే ప్రతివాడి ముఖానికీ సరిపడే మాస్కు ఎంచి, పరీక్షించి ఇవ్వాలి. పనివాళ్ళు ఆమెని మాస్కు మేడం అంటారు. బావ కూడా పని దగ్గర అలాగే పిలుస్తాడు. కాకపోతే నడుం వంచి, చేతులు కట్టుకుని, చుట్టుపక్కల వాళ్ళు పగలబడి నవ్వేలా పిలుస్తాడు.

ఆ పూట మాత్రం ఆమెకి నవ్వు రాలేదు. ఆయన్ని గదిలోకి పిలిచి తలుపేసింది.

"బావా, నిజం చెప్పు. పైన మాస్కు తీసేస్తున్నావు కదూ?"

"నేనా? ఎందుకు తీస్తాను?"

"సిగరెట్టు కోసం."

"సిగరెట్టు మానేసి ఎన్నేళ్ళయిందో మీ అక్కనడుగు. నేను మానలేదు, ఆవిడ మాన్పించింది. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? మాస్కు సరిగ్గా అంటుకోదని బంగారంలాంటి మీసం గొరిగించావు. అంత త్యాగం చేసినవాడు మాస్కు తీస్తాడా మరదలా?"

ఆమె ఆయన చేత మాస్కు పెట్టించింది. తల మీద తెల్లటి ముసుగు వేసి, ముందున్న చిల్లులోంచి చేదు మందు పిచికారీ చేసింది. మాస్కులో ఎక్కడైనా సందుంటే ఆ చేదు నాలుకకి తగలాలి. తల తిప్పమంది, వంగమంది, గట్టిగా మాట్లాడమంది. మాట్లాడమంటే ఆయనకి పండగే. వాళ్ళ నాన్న పోగొట్టుకున్న గొడుగు కథ మొదలెట్టాడు.

"చేదు తగిలిందా?"

"లేదే."

అబద్ధమాడుతున్నాడేమోనని మాస్కు తీయించి మళ్ళీ కొట్టింది. ఈసారి గొడుగు కథ సగంలోనే తెగిపోయింది. "ఛీ ఛీ! చంపేశావు కదే!" అంటూ ముసుగు లాగి పారేసి నీళ్ళకోసం పరుగెత్తాడు.

అంటే నాలుక సరిగ్గానే ఉంది, మాస్కూ సరిగ్గానే ఉంది. మరి సీసం లోపలికి ఎలా పోతోంది? ఆమెకి ఎటూ పాలుపోలేదు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళింది. బావ బట్టలు ఎక్కడ విప్పుతాడో, ఎవరు ఉతుకుతారో, నీళ్ళు తాగే గ్లాసులు ఏ లోహంతో చేసినవో అడగడం మొదలుపెట్టేసరికి అక్క గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగింది.

"నా వంటింట్లో సీసం ఉందంటావా?"

"అది కాదక్కా..."

"మరేమిటి? ఇదే తిండి నేనూ తింటున్నా, పిల్లలూ తింటున్నారు. మాకేం కాలేదే? ఊళ్ళో వాళ్ళందరికీ మాస్కులిచ్చే దానివి, మీ బావకి చిల్లు పడ్డదిచ్చావేమో చూసుకో."

అక్క మాట ముల్లులా గుచ్చుకుంది. నిజంగానే ఏదైనా పొరపాటు చేసిందా? బావని అనుమానించాలో తనని తాను అనుమానించుకోవాలో తెలియలేదు. బావేమో ఇదంతా వింటూ, "నిద్రలో నడిచేవాళ్ళున్నట్టు నేను పనిలో తెలీకుండా తీసేస్తున్నానేమో," అన్నాడు. హాస్యానికే అన్నా, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆయనకీ భయం పట్టుకుందని ఆమెకి అప్పుడర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ఆమె కూడా మాస్కు తగిలించుకుని పరంజా ఎక్కింది. నీళ్ళు గడ్డకట్టే చలి రోజులవి. నది మీంచి వచ్చే గాలి కోటు దాటి ఎముకల్ని తడుముతోంది. నాలుగు మెట్లెక్కేసరికి ఊపిరి ఆవిరి కళ్ళజోడుకి పట్టేసింది. తుడిచేలోపు అది సన్నటి మంచు పొరై బిగుసుకుపోయింది. చేసేది లేక కళ్ళజోడు తీసి జేబులో వేసుకుని, మసగ్గా కనిపిస్తున్న బావ మీదే చూపు పెట్టి నిలబడింది.

ఆయన మాస్కు తియ్యలేదు. తియ్యకపోగా ఆ మాస్కులోంచే పక్కవాడితో కబుర్లు చెప్తున్నాడు, మధ్యమధ్య పాడుతున్నాడు. రంగు గీకే గ్రైండరు బిళ్ళలు అరిగిపోయినప్పుడల్లా అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, "ఉండండి, నేను తెస్తా," అని కింద హీటరున్న క్యాబిన్‌కి దిగేదీ ఆయనే. అక్కడ మాస్కు తీసి కాసేపు కబుర్లాడి, మళ్ళీ పెట్టుకుని చలిలోకి ఎక్కుతాడు. క్యాబిన్‌లో దుమ్ము లేదు కాబట్టి అక్కడ తియ్యడం తప్పు కాదు. తప్పు ఎక్కడుందో మాత్రం కనబడలేదు.

భోజనాల వేళ దుమ్ము చోటు దాటి బయటికి రాగానే, "అక్కడే ఆగు బావా," అని తన చేత్తోనే ఆయన మాస్కు విప్పి కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. మాస్కు ముందు భాగంలో ఊపిరి బయటికి పోవడానికి ఒక వాల్వు ఉంటుంది. లోపల పల్చటి రబ్బరు రేకు. ఊపిరి వదిలితే తెరుచుకోవాలి, పీలిస్తే మూసుకోవాలి. ఆ రేకు ఇప్పుడు మూసుకోలేదు. దాని అంచు కింద బియ్యపు గింజంత మంచు పలుకు ఇరుక్కుని, దాన్ని ఓరగా ఎత్తిపట్టి ఉంచింది. మాస్కు లోపలి వైపు తెల్లటి గుడ్డపీలికతో తుడిస్తే బూడిదరంగు మరక అంటుకుంది.

ఆ మాస్కు పట్టుకుని, బావ వెనకే వస్తుంటే, ఒక్క పరుగున క్యాబిన్‌లో సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది.

"చూడండి సార్, వాల్వు తెరుచుకునే ఉండిపోయింది!"

ఆయన మాస్కుని అటూ ఇటూ తిప్పాడు. వేలితో రేకుని మీటాడు. అది బుద్ధిగా మూసుకుంది.

"బాగానే ఉందే మేడం?"

ఆమె లాక్కుని చూసింది. మంచు లేదు. అరచేతిలో ఒక నీటిబొట్టు మాత్రం ఉంది. క్యాబిన్ వెచ్చదనానికి అంతా కరిగిపోయింది.

"ఇందాక ఉంది సార్. నేను చూశాను."

"కళ్ళజోడు పెట్టుకునే చూశారా?"

ఆమె కళ్ళజోడు ఇంకా జేబులోనే ఉంది. బావ వంక తిరిగితే ఆయన తల గోక్కుంటూ, "నేను నీ ముఖం చూస్తున్నా మేడం, మాస్కు చూళ్ళేదు," అన్నాడు. గుడ్డపీలిక చూపించింది. అది మాస్కు విప్పేటప్పుడు అంటుకున్న దుమ్మే అయ్యుండొచ్చన్నాడు సూపర్‌వైజర్. అయ్యుండొచ్చు. కాదనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. తను చూసింది మంచేనా, లేక చూడాలనుకున్నది కనబడిందా అని ఆమెకే అనుమానమొచ్చింది.

అయినా ఊరుకోలేక, "రేపు నా మీదే పరీక్ష చెయ్యండి సార్, బయట చలిలో," అని అడిగింది. ఆయన మంచి మనిషి. సరేనన్నాడు.

మర్నాడు ఆమె అచ్చం అలాంటి మాస్కే పెట్టుకుని పరంజా కింద అటూ ఇటూ నడిచింది. బావ ఆగకుండా మాట్లాడతాడు కాబట్టి తనూ మాట్లాడాలనుకుంది. ఏం మాట్లాడాలో తోచక ఎక్కాలు చదివింది. అవి అయిపోతే బావని తిట్టింది. పనివాళ్ళు పైనుంచి తొంగిచూసి, మేడంకి మతి పోయిందని గుసగుసలాడుకున్నారు. ఊపిరి పీల్చడం కష్టమైంది, మాస్కు లోపల తడి గడ్డాన్ని కోస్తోంది. సూపర్‌వైజర్ ముసుగు వేసి చేదు కొట్టాడు.

ఏమీ తగల్లేదు.

"వదిలెయ్యండి మేడం," అన్నాడాయన మెల్లగా.

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు బావ, "ఏమో మేడం, నేనైతే ఈపాటికి రెండుసార్లు కిందికి దిగి ఉందును," అన్నాడు. అదేదో పెద్ద సంగతని ఆయనేం అనలేదు, ఊరికే అన్నాడు. ఆమె మాత్రం చటుక్కున క్యాబిన్‌లోకి వెళ్ళి, మాస్కు తీసి కాసేపు హీటరు పక్కన కూర్చుంది. చల్లటి మాస్కు నిండా చెమ్మ పట్టింది. దాన్నలాగే పెట్టుకుని బయటికొచ్చి మళ్ళీ ఎక్కాలు మొదలుపెట్టింది.

రెండోసారి ముసుగు వేసి కొట్టగానే నాలుక మీద భగ్గున చేదు పాకింది.

"చేదు! సార్, చేదు!" పాయసం దొరికిన పిల్లలా అరిచింది. "మాస్కు తియ్యకండి, ఇక్కడే చూడండి!"

సూపర్‌వైజర్ వంగి చూశాడు. రేకు అంచుకి మంచు అంటుకుని ఉంది. తర్వాత తనూ మాస్కు పెట్టుకుని అదే పని చేశాడు. విచిత్రమేమిటంటే ఆయనకి చేదు తగల్లేదు. బావకి చేస్తే తగిలింది. ఇంకొకతనికి చేస్తే కొంచెం తగిలినట్టూ ఉంది, లేనట్టూ ఉందన్నాడు. ఎవరికి గడ్డకడుతుందో, ఎప్పుడు గడ్డకడుతుందో తలా తోకా దొరకలేదు.

"నాకు తగలకపోతేనేం? ఒక్కరికి తగిలినా తగిలినట్టే," అని సూపర్‌వైజర్ గీకుడు పని ఆపించాడు. వాల్వు లేని మాస్కులు తెప్పించారు. వాటితో చిక్కు ఇంకో రకం. ఊపిరి తడికి తొందరగా నానిపోయి, పీల్చడం బరువైపోయేది. అందుకని కిందికి దిగిన ప్రతివాడూ పాతది పారేసి, పొడిగా ఉన్న కొత్తది పెట్టుకుని ఎక్కాలన్నారు. ఆమె చేదు పరీక్ష కూడా గదిలో ఒకసారి, చలిలో ఒకసారి చెయ్యడం మొదలుపెట్టింది. బావని దుమ్ములోంచి తప్పించి కింద రంగులు కలిపే పనిలో పెట్టారు. ఆయన రక్తంలో సీసం మెల్లమెల్లగా దిగింది.

డాక్టరు ఈ చల్లని కబురు చెప్పిన రోజున ఆమె అక్క ఇంట్లోనే ఉంది. అక్క ఊపిరి పీల్చుకుని, ఆ వెంటనే, "ఇంతకీ తప్పెవరిది?" అని అడిగింది.

"తెలీదక్కా. మాస్కు మంచిదే. బావ తియ్యలేదు. నేను పరీక్ష సరిగ్గానే చేశాను. అయినా ఇలా జరిగింది."

"మరి అందరిలోకీ ఆయనకే ఎందుకొచ్చింది?"

"ఎక్కువ మాట్లాడతాడనో, ఎక్కువసార్లు కిందికి దిగుతాడనో అనుకుంటున్నాం. అదీ కచ్చితంగా చెప్పలేం."

అక్క బావ వైపు చూసింది. కోప్పడాలో, జాలిపడాలో తేల్చుకోలేనట్టుగా ఉంది ఆ చూపు. "పాతికేళ్ళ నుంచి చెబుతున్నా, కాస్త నోరు తగ్గించమని," అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ.

బావ ఏదో అనబోయి, మొట్టమొదటిసారి మానుకున్నాడు.