హంసల అంచు తెర

పడవ లాకుల దగ్గరికి రాగానే అందరూ ఉమ్మారు. మూడేసి సార్లు, ఎడమవైపు నీళ్లలోకి. రామచంద్రపురం సంతకి వెళ్లే ఆడవాళ్లు ఉమ్మారు, చంటిపిల్లల తల్లులు ఉమ్మారు. చూరు కింద కూర్చుని జపం చేసుకుంటున్న ముసలాయన కూడా జపం ఆపి, ఉమ్మి, మళ్లీ అందుకున్నాడు.

అచ్చాయమ్మ ఒక్కతే ఉమ్మలేదు. కొంగు నెత్తిమీదికి లాక్కుని తలొంచుకుంది. ఆ నీళ్లలో పోయింది ఆమె తోడబుట్టిన అక్క, లోవమ్మ.

లోవమ్మ పోయి పందొమ్మిదేళ్లయింది. ఈ ఉమ్మే ఆచారం మాత్రం మొన్నమొన్నటిది. అచ్చాయమ్మ ఊరి ఆసామి బుల్లిరాజు గారు దెయ్యాల కథలు రాస్తారు. రాజమండ్రిలో అచ్చయ్యే ఆ పుస్తకాలు తీర్థాల్లో జీళ్లకంటే ముందు అమ్ముడుపోతాయి. అన్నిట్లోకీ పేరుపడ్డది ‘లాకుల పిశాచి’. చదువురానివాళ్లకీ ఆ కథ వచ్చు, తోలుబొమ్మలవాళ్లు దాన్ని తెరకెక్కించారు మరి.

“ఎవరేమన్నా పెద్దమేళం వాళ్ల ఆటే ఆటండీ,” అన్నాడు కొబ్బరికాయల రాశిమీద కూర్చున్న బేరగాడు. “పిశాచి నాలుక బారెడు! నోట్లోంచి నిప్పులు! మా బావమరిది పంచె తడిపేసుకున్నాడు.”

“మీ బావమరిది పిల్లిని చూసినా తడుపుకుంటాడు లెండి,” అంది చేపలమ్మే సంపూర్ణమ్మ. “నాకైతే అప్పారావు, చిట్టెమ్మ ఆడిందే బావుంది. మొగుడూ పెళ్లాలు ఇద్దరే. నాలుకా లేదు, నిప్పులూ లేవు. ఆ పిల్ల గట్టుమీద కూర్చుని వచ్చే పడవలకేసి చూస్తా ఉంటుందంతే. ఆ పూట నాకు అన్నం సయించలేదండి.”

“అదేం ఆటమ్మా! పిశాచి ఒక్కడి పీకైనా నొక్కలేదు. సగం జనం లేచి పోయారు.”

“పోయినోళ్లు దెయ్యాన్ని చూడ్డానికొచ్చారు. నేను మనిషిని చూసొచ్చాను.”

ఆ మాట అచ్చాయమ్మ గుండెలో దిగబడింది.

లోవమ్మ తండ్రి ఆ లాకుల తలుపులు ఎత్తే లస్కరు. బుల్లిరాజు గారు ఆ రోజుల్లో ఇరవైరెండేళ్ల కుర్రాడు, పడవ దిగి లాకుల మీద కబుర్లకి కూర్చునేవాడు. ఒకనాడు మధుపర్కం చీర తెచ్చి లోవమ్మ చేతిలో పెట్టాడు. తెల్లచీర, ఎర్రంచు, అంచు పొడుగునా హంసల వరుస. శుక్రవారం పడవ తెస్తానన్నాడు, కోటిపల్లిలో తాళి కడతానన్నాడు. లోవమ్మ నాలుగు రోజులు గట్టుమీద కూర్చుంది. అయిదో రోజు పొద్దున్నే తండ్రి తలుపు ఎత్తబోతే అడ్డం తగిలింది కూతురే.

అచ్చాయమ్మకి అప్పుడు పదకొండేళ్లు. అక్క చెప్పినదంతా తండ్రితో చెప్పబోతే ఆయన ఆమె నోరు మూశాడు. చీరని మాత్రం ఆమె దాచుకుంది. ఆ తరవాత పుస్తకం వచ్చింది. అందులో లస్కరు కూతురు కామంతో కళ్లు మూసుకుపోయి, నీళ్లలో పడి చచ్చి, పడవల్లో పోయే మగాళ్లని లాక్కుపోతుంది.

రోజూ దీపం వెలిగించి భీమేశ్వరుణ్ణి అచ్చాయమ్మ అడిగేది ఒక్కటే, వాడి తల నలుగురిలో వంగాలని. స్వామిని అడగదగిన కోరికేనా ఇది అని ఒక్కోసారి అనిపించేది. అడగడం మాత్రం మానలేదు.

ఆ రోజు సంతలో బేరాలన్నీ వదిలి అప్పారావు దంపతులు దిగిన పాకకి వెళ్లింది. అప్పారావు బొమ్మల్ని ఒక్కొక్కటే తుడిచి ఎండకి పెడుతున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

“బుల్లిరాజు మొహంతో బొమ్మ కొయ్యండి. మా అక్క వాడి పీక పట్టుకోవాలి. మా ఊళ్లో ఆడాలి,” అంది అచ్చాయమ్మ.

“బతికున్న మనిషి మొహం కొయ్యం తల్లీ. చచ్చినదాని తోలు ఇది. దానిమీద బతికున్నవాడిని చెక్కకూడదని మా తాతలనాటి కట్టుబాటు.”

“చచ్చిపోయిన ఆడపిల్లని ఆయన ఎట్టాగైనా చెక్కొచ్చా? దానికి కట్టుబాటు లేదా?”

అప్పారావు చేతిలోని బొమ్మని పక్కన పెట్టాడు. చిట్టెమ్మే అంది: “అమ్మా, ఆయన చోటు ఖాళీగా ఉంచుదాం. గొంతు వినబడుద్ది, మనిషి కనబడడు.”

“ఖాళీచోటు పీక ఎట్టా పట్టుకుంటారు?” అంది అచ్చాయమ్మ విసుగ్గా. అయినా ఇంకో దారి లేదు. మర్నాడు చీర తెచ్చిచ్చింది. “తెరకి ఇది కట్టండి. మీ పాతది ఎట్టాగూ చిరిగిపోయింది.”

తన కథ ఎక్కడ ఆడినా బుల్లిరాజు గారు ముందువరసలో కుర్చీ వేయించుకుంటారు. ఊళ్లో ఆట పెట్టిన రోజు దీపాలవేళ దాటాక తాంబూలం నములుతూ వచ్చి కూర్చున్నారు. “ఈ ఇద్దరి ఆటా? సరే, కాసేపు నవ్వుకుందాం,” అన్నారు పక్కవాళ్లతో.

తెర వెనక ఆముదం దీపం వెలిగింది. ఈతముళ్లతో కలిపి కుట్టిన పాత తెరకీ చీరకీ మధ్య ఎర్రంచు, దానిమీద హంసలు తేలాయి. లోవమ్మ బొమ్మ గట్టుమీద కూర్చుంది. దాని ఎదటి ఖాళీలోంచి అప్పారావు గొంతు వచ్చింది: “శుక్రవారం పడవ తెస్తాను. ఈ చీర కట్టుకుని ఉండు.”

“మగాడేడ్రా? బొమ్మ ఎలక కొట్టేసిందా?” అని ఎవరో అరిచారు. జనం ఘొల్లుమన్నారు. ఆడవాళ్ల వెనక నిలబడ్డ అచ్చాయమ్మకి ఒళ్లు మండింది. అంతా పాడైపోయిందనుకుంది.

లోవమ్మ బొమ్మ ఆ ఖాళీకేసే చూస్తూ అడిగింది: “హంసల అంచు నాకు బావుందాండీ?”

బుల్లిరాజు గారి దవడ ఆగిపోయింది. ఆయన తెరకేసి, తెర మధ్య అంచుకేసి చూశారు. కుర్చీ వెనక్కి పడేలా లేచారు.

“ఆపండ్రా! నేను రాసింది ఇది కాదు!”

దీపం ఆర్పేయడానికి గిరుక్కున తెర వెనక్కి వెళ్లారు. దీపానికీ బట్టకీ మధ్య అడుగుపెట్టారు. అంతే, తలపాగా, ముక్కు, భుజంమీద ఉత్తరీయంతో సహా ఆయన నీడ సరిగ్గా ఆ ఖాళీలో వచ్చి నిలబడింది.

నవ్వులు ఆగిపోయాయి.

చిట్టెమ్మ ఆట ఆపలేదు. లోవమ్మ బొమ్మ మెల్లిగా మొహమెత్తింది. “వచ్చారాండీ? నాలుగు రోజులు చూశాను.”

నీడ చెయ్యి చాచి బట్టని పట్టుకుంది. “ఈ చీర ఇంకా ఉందా!” అన్నారు బుల్లిరాజు గారు. ఆ మాట చిట్టచివర కూర్చున్నవాళ్లకి కూడా వినబడింది.

ఎవరూ అరవలేదు, ఎవరూ లేవలేదు. ఆ నీడ వణకడాన్ని ఊరంతా చూస్తూ కూర్చుంది. అచ్చాయమ్మ రెప్ప వెయ్యలేదు. పీక పట్టుకోవడంకంటే ఇది బావుంది. పందొమ్మిదేళ్ల ఆకలి తీరినట్టుంది.

మళ్లీ సంతరోజు పడవ లాకుల దగ్గరికి వచ్చింది. ఎవరూ ఉమ్మలేదు. సంపూర్ణమ్మ ఇంత పసుపు నీళ్లలో వదిలి, “చల్లగా ఉండు తల్లీ,” అంది. అచ్చాయమ్మ తలెత్తి కూర్చుంది.

ఇంకాస్త దూరం పోతే బుల్లిరాజు గారి రేవు. కొబ్బరికాయల బేరగాడు ముందుగా ఉమ్మాడు. తరవాత ఒకరొకరే అందరూ. మూడేసి సార్లు.

పడవ ముక్కు దగ్గర ఒక పిల్ల కొంగు నెత్తిమీదికి లాక్కుని తలొంచుకుంది. బుల్లిరాజు గారి కూతురు రత్నమాణిక్యం. లోవమ్మ పోయేనాటికి ఇంకా పుట్టనే లేదు.

ఆ తలొంచుకోవడం అచ్చాయమ్మకి తెలుసు. నేనడిగింది ఇది కాదు స్వామీ, అనుకోబోయింది. కాదా? ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

పక్కవాళ్లు ఆమెకేసి చూస్తున్నారు, అందరికంటే ముందు ఉమ్మవలసింది ఆమే అన్నట్టు. అచ్చాయమ్మ నోట్లో ఉమ్మి అప్పటికే ఊరింది. రేవు దాటేదాకా అలాగే పట్టి ఉంచి, మింగేసింది.