మూత లోపలి ఆవిరి

పొద్దున్నే సోయా ముద్ద కలిపిన మిసో చారు కాగగానే మొదటి గరిటె మామయ్యకి. భూకంపమొచ్చి సముద్రం ఊరి మీదికొచ్చిన రోజు పడవ చూసొస్తానని వెళ్ళిన మనిషి, ఎనిమిదేళ్ళయినా జాడ లేదు. అప్పటికి నాకు పెళ్ళయి ఆరు నెలలు. అత్తయ్య తొకీని సెందాయి నగరంలో మా దగ్గరికి తెచ్చుకున్నాం కానీ, మామయ్యని పోయినవాళ్ళలో కలపడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ప్రయాణంలో ఉన్న ఇంటి మనిషికి ఇక్కడ రోజూ చిన్న పీట మీద భోజనం అమరుస్తారు. కాసేపాగి చారు గిన్నె మూత తీస్తే లోపల ఆవిరి బొట్లుండాలి. ఉంటే మనిషి క్షేమం. ఆ బొట్లు కచ్చితంగా ఉండేలా సలసలా మరిగించి పోయడం నా వంతు. జ్వరమొచ్చినా మానలేదు. దాన్ని పని అని మా ఇంట్లో ఎవరూ అనరు.

జీతం వచ్చే పని ఇంకొకటుంది. ఆకాశంలో రెండు ఉపగ్రహాలు రెండొందల ఇరవై కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. కింద నేల బరువైన చోటు రాగానే ముందుది కాస్త ముందుకు పోతుంది, ఎడం వెంట్రుకవాసి మారుతుంది. అందులోంచి మంచు బరువూ, వాన బరువూ తీసేసి, ఆ భూకంపం వల్ల భూమి ఆకర్షణ ఎక్కడ తగ్గిందో, ఎక్కడ పెరిగిందో నేను లెక్క తేలుస్తాను. "మా కోడలు ఆకాశం నుంచి భూమిని తూస్తుంది. అన్నంలో నీళ్ళు మాత్రం కుదరవు" అని అత్తయ్య పక్కింటివాళ్ళతో అంటుంది. మా ఆయన కజుహికో నవ్వుతాడు. నేనూ నవ్వేస్తాను, ఒళ్ళు మండుతున్నా.

పోయిన మంగళవారం మా ప్రొఫెసర్ పిలిచాడు. "ఒగాతా గారూ, మే నెల సభలో మీ ఫలితం ఇజుమి చెబుతాడు లెండి. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, మూడు రోజులు ఊరెళ్ళడం మీకెక్కడ కుదురుతుంది?"

ఇజుమి నిరుడు మా దగ్గర చేరిన కుర్రాడు. ఆ లెక్క నా మూడేళ్ళ చాకిరీ. ఆయన కప్పులో టీ పోస్తూ "అలాగేనండీ" అన్నాను. మా గదిలో ఆరుగురం ఉన్నా టీ పోసేది నేనే.

ఇంట్లో చెబితే కజుహికో "పోనీలే, నీ పేరు రెండోదిగా ఉంటుందిగా. నువ్వెళితే ఇక్కడ చారెవరు పోస్తారు?" అన్నాడు.

"నువ్వు."

నేనేదో హాస్యమాడాననుకున్నాడు.

ఇవాళ పొద్దున ఇజుమి సభలో చూపించడానికి లెక్కల గీతలు సరిదిద్దుతూ కూర్చుండిపోయాను. చారు చల్లారిపోయింది. అలాగే పోసి మూత పెట్టాను. అత్తయ్య తీసి చూసింది. లోపల ఒక్క బొట్టు లేదు.

"అత్తయ్యా, మామయ్యకేం కాలేదు. తప్పు నాది, చారు చల్లారింది. ఇన్నేళ్ళూ నేనే మరిగించి పోస్తున్నాను." అంటూనే ఏడ్చేశాను.

"నాకు తెలుసులేవే పిచ్చిదానా. నలభై ఏళ్ళు వంట చేశాను, ఆవిరెక్కణ్ణించొస్తుందో తెలీదా?"

"మరి రోజూ ఎందుకు చూస్తారు?"

"బొట్లుంటే, నాకోసం ఇంట్లో ఒకళ్ళు ముందు లేచారని." ఆవిడ ఏప్రన్ అంచుతో నా మొహం తుడిచింది. "ఇంతకీ చారు మర్చిపోయేంత పనేంటి?"

పైకి పాకుతున్న గీతని చూపించాను. ఆ రోజు మన తీరం వైపు ఆకర్షణ తగ్గిందనీ, అప్పట్నుంచీ మెల్లమెల్లగా పెరుగుతూ వస్తోందనీ, ఇంకా ఆగలేదనీ చెప్పాను.

"అయిపోయింది, ఇక వదిలెయ్ అంటారే అందరూ?"

"అయిపోలేదత్తయ్యా. నేల ఇంకా సర్దుకుంటూనే ఉంది."

ఆవిడ ఆ గీత వెంట చివరిదాకా వేలు జరిపింది. "ఈ మాట ఎవరో అబ్బాయి చెప్పడమేంటి? కనిపెట్టింది నువ్వైతే!"

లేచి, అలమారలోంచి ఇంకో పీట తీసింది. దాని మీద నా ఎర్ర గిన్నె పెట్టింది. ఇంటి కోడలు ఊరెళితే పీట వేయడం నేనెప్పుడూ వినలేదు.

"ఆ మూడు రోజులూ నీ భోజనం ఇక్కడ పెడతా" అంది.

అప్పుడే అక్కడే కూర్చుని ప్రొఫెసర్‌కి మెయిల్ రాశాను: "ఫలితం నేనే చెబుతానండీ. మొదటి పేరు నాదే ఉంటుంది." పంపేశాను.

గుమ్మంలో కజుహికో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. రెండు పీటల వంకా చూశాడు.

"అమ్మా, చారు ఎంతసేపు మరగాలి?"

"మూత తీసి చూసేది నేనేరా" అంది అత్తయ్య. "బొట్లు లేకపోయాయో, చూసుకో!"