గుడివాడలో ఆమేన్

మా గుడి హార్మోనియం ఒకరి సొత్తు కాదు. బందరు పక్క గూడూరు దగ్గర మా పల్లెలో ఆడవాళ్ళు అన్నం వండేటప్పుడల్లా ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఓ పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. అది దేవుడి బియ్యం. అలా నాలుగేళ్ళు పిడికెడు పిడికెడు కూడబెట్టి ఓ పాత పెట్టె కొన్నారు. దాన్ని వాయించడం వచ్చిన వాణ్ణి ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే. బందరు మిషన్ స్కూల్లో దొరసానిగారు నేర్పారు.

మా నాన్న జకరయ్యగారు ఆ గుడికి ఉపదేశి. ప్రసంగం ఆయనది, పాట నాది. పాట అయిపోగానే మూడేసి మెట్లు కలిపి రెండుసార్లు నొక్కేవాణ్ణి. మొదటిదానికి నాన్న కళ్ళు మూసుకుని 'ఆ' అని అందుకుని, రెండోదానికి 'మేన్' అని దించేవారు. ఆ తర్వాతే జనం అనేవారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే వరస.

యాభై ఎనిమిదిలో నాకు ఇరవై నిండాయి. నాన్న నన్ను బైబిలు ట్రైనింగుకు పంపి తనంతటి ఉపదేశిని చెయ్యాలనుకున్నారు. నాకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పేంత తెగువ నాకు లేదు. గుడికొచ్చే ఆ నలభై మొహాల మధ్యే పుట్టి పెరిగి కూడా, అంత ఒంటరితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఓ శనివారం హార్మోనియంలో పై మెట్టు ఒకటి గరగరలాడుతోందని బందరు తీసుకెళ్ళాను. పిచ్చేశ్వరరావుగారి కొట్లో రీడు మార్పించి, సరిగ్గా ఉందో లేదోనని ఓ కీర్తన వాయిస్తున్నాను. బల్ల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న పెద్దమనిషి ఒకాయన చుట్ట ఆర్పేశాడు. గుడివాడలో నాటకాలాడించే సోమేశ్వరరావుగారట.

"ఎవరబ్బాయివోయ్?"

"ఉపదేశి జకరయ్యగారి అబ్బాయినండీ. దానియేలండీ."

"పద్యానికి ఎప్పుడైనా వాయించావా?"

"లేదండీ."

"శ్రుతి పట్టుకోవడం వచ్చుగా? చాల్లే. మా హార్మోనిస్టుకి కామెర్లు. రేపు సాయంత్రం గుడివాడలో ఆట. వచ్చేసెయ్."

"రేపు ఆదివారం కదండీ..."

"నేనూ అదే చెప్తున్నా. ఆదివారమే ఆట."

నేను ఒప్పుకుంటానని నాకే తెలియదు. నోరు మాత్రం "సరేనండీ" అనేసింది. మా ఊరికి వెళ్తున్న బండివాడితో 'రిపేరు ఇంకో రోజు పడుతుందట' అని కబురంపాను. నాన్నతో నేనాడిన మొదటి అబద్ధం అదే. దేవుడి బియ్యంతో కొన్న పెట్టెను ఒళ్ళో పెట్టుకుని గుడివాడ రైలెక్కాను. పెదన దాటేదాకా తెలిసినవాళ్ళు ఎవరైనా ఎక్కుతారేమోనని తల దించుకునే కూర్చున్నాను. దాటాక మాత్రం, నిజం చెప్పాలంటే, సంతోషమేసింది.

మర్నాడు సరిగ్గా మా గుళ్ళో ఆరాధన జరిగే వేళకి అక్కడ రిహార్సల్ పెట్టారు. సోమేశ్వరరావుగారు నన్ను పక్కకు పిలిచి, "పేరు ధర్మారావని చెప్పు. ఎందుకులే లేనిపోని గొడవ" అన్నారు. చెప్పాను. మధ్యాహ్నం అందరూ లోపల వరసగా కూర్చుని భోంచేస్తుంటే నాకు విస్తరి బయటి అరుగు మీదికి వచ్చింది. పేరు మార్చారు గానీ విస్తరి చోటు మార్చలేదన్నమాట. కోపంతో ముద్ద దిగలేదు. పెట్టె చంకనేసుకుని వెళ్ళిపోదామనుకున్నాను. కానీ పొద్దున రాగాన్ని వెంబడించి పరుగెత్తినప్పుడు నా వేళ్ళకు ఏదో రుచి తగిలింది. అది వదలబుద్ధి కాలేదు. నాకు అక్కడ తెలిసిన మనిషి ఎవరూ లేరు. ఆ మాటకొస్తే ధర్మారావు కూడా నాకు కొత్తే.

ఆరింటికి ఆట మొదలైంది. హాలు కిటకిటలాడిపోయింది. రెండు రంగాలు గడిచేసరికి పద్యం ఎటు తిరుగుతుందో వేళ్ళకు అంతుబట్టింది. చివర్లో, చచ్చిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకుని రాణి ఏడ్చే పద్యం వచ్చింది. రాణి వేషం వెంకటరత్నమ్మగారిది. ఆవిడ గొంతు పైకి వెళ్తుంటే, కొత్తగా మార్పించిన రీడు మళ్ళీ గరగరమంది. ఆ హడావుడిలో ఎవరికీ వినపడలేదు. పద్యం కిందికి దిగి ఆగిపోయింది. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేటంత నిశ్శబ్దం. అంత దుఃఖం తర్వాత చెయ్యాల్సిన పని నా వేళ్ళకు ఒక్కటే తెలుసు. మూడేసి మెట్లు కలిపి రెండుసార్లు నొక్కేశాను.

నొక్కాక తెలిసింది, ఎంత పని చేశానో. వెంకటరత్నమ్మగారు తలెత్తి నా వంక చూసింది. తెర పక్క నుంచి సోమేశ్వరరావుగారు పళ్ళు కొరుకుతున్నారు.

అప్పుడు హాలు చివర్నుంచి, నేల టిక్కెట్ల వైపు నుంచి ఒకే ఒక్క గొంతు నింపాదిగా "ఆ...మేన్" అంది.

కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఆ గొంతు కింద ఇరవయ్యేళ్ళు బతికినవాణ్ణి నేను.

తెర పడగానే పరుగెత్తాను. నేల మీద వేరుశెనగ తొక్కలు తప్ప ఏమీ లేవు. స్టేషనుకు వెళ్ళేసరికి బందరు బండి వెళ్ళిపోయింది.

తిరిగొస్తే సోమేశ్వరరావుగారు చివాట్లు పెట్టి, చివర్న, "అవనిగడ్డతో మొదలుపెట్టి దివిసీమంతా తిరుగుతాం, నెల రోజులు పడుతుంది. ఆ క్రీస్తు మెట్లు నొక్కనంటే రా" అన్నారు.

సోమవారం హార్మోనియం ఇంటికి చేర్చాను. నాటకం సంగతి ఊళ్ళో అప్పటికే గుప్పుమంది. పెద్దలు కూర్చుని, నేనిక గుళ్ళో వాయించడానికి వీల్లేదన్నారు. నాన్న ఒక్క మాటా అడ్డు చెప్పలేదు. హార్మోనియాన్ని ఎవరూ మూత కూడా తియ్యకుండానే గుడి గదిలో పెట్టి తాళం వేశారు. ఆ వారమంతా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ కంచం పెట్టి అవతలికి వెళ్ళిపోయేది.

శనివారం ఉండబట్టలేక అడిగేశాను. "నాన్నగారూ, ఆ రోజు నన్ను వెతుక్కుంటూ బందరు కొట్టుకెళ్ళారట కదండీ. అక్కణ్ణుంచి గుడివాడ వచ్చారా?"

ఆయన బైబిల్లోంచి తలెత్తలేదు. "నాటకానికి నేనెందుకొస్తాన్రా?"

ఆయన నాతో ఆడిన అబద్ధం అదొక్కటే.

లేచి గుమ్మం దాకా వెళ్ళి, నా వైపు చూడకుండానే అన్నారు. "ఆ పై మెట్టు మళ్ళీ గరగరలాడుతోంది. నువ్వు వెళ్ళేలోపు బాగు చేయించు."

బాగు చేయించాను. మంగళవారం దివిసీమ వెళ్ళిపోయాను. ముప్ఫై ఏళ్ళు ఎన్ని ఊళ్ళలో వాయించానో లెక్కలేదు. విస్తళ్ళు మెల్లగా లోపలికొచ్చాయి, దానియేలన్న పేరూ తిరిగొచ్చింది. సోమేశ్వరరావుగారికి ఇచ్చిన మాట ఒక్కచోట మాత్రం తప్పాను. రాణి పద్యం అయ్యాక ఆ మెట్లే రెండుసార్లు నొక్కి, నేల టిక్కెట్ల వైపు చెవి పెట్టేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవారు.