గడుగ్గాయి పక్కన జానెడు బల్ల

బడి తెరవడానికి నాలుగు రోజుల ముందు ఆయమ్మ పని ఎప్పుడూ ఒకటే. గదులు ఊడ్చి, బూజు దులిపి, కిటికీలు బార్లా తీసి, టేపు పట్టుకుని బల్లలు కొలవడం. సెలవుల్లో పిల్లలు ఎంత పెరిగితే వాళ్ల బల్లలూ అంతే పెరుగుతాయి కదా. ఐదో తరగతి దాటి వెళ్లినవాళ్ల బల్లలు బుద్ధిగా కుంచించుకుని ఒకటో తరగతికి సరిపోతాయి, వాటి గది మార్చడం వరకే మన పని. జిల్లాలో ఉన్న డెబ్బై రెండు బడుల్లోనూ ఇదే వరస. కొలతలు రాసి పంపమని విద్యాశాఖ ఆఫీసు నుంచి ఏటా ఒక ఫారం వస్తుంది, మూడు ప్రతులు. ఏదైనా బల్ల పెరగలేదంటే ఆ పిల్లో పిల్లాడో ఈ ఏడు రావడం లేదని లెక్క. దాన్ని ఎత్తి స్టోరు గదిలో పెట్టేయాలి.

ఆయమ్మకు అంకెలు బాగానే వచ్చు. అక్షరాలనే ఒక్కోదాన్నీ పలకరించుకుంటూ పోవాలి. అందుకని బల్లల్ని పేర్లతో కాక చోటుతో గుర్తుపెట్టుకుంటుంది. నాలుగో తరగతిలో కిటికీ పక్కది ఆమె మనవరాలిది. ఆ పిల్లను బడంతా గడుగ్గాయి అంటారు. కిందటేడు టీచరు కళ్లజోడు తను పెట్టుకుని క్లాసంతటికీ హాజరు పిలిచిన ఘనత ఆ పిల్లదే.

టేపు యాభై ఆరు సెంటీమీటర్ల దగ్గర ఆగింది. కిందటేడూ యాభై ఆరే. ఆయమ్మ టేపు దులిపి మళ్లీ కొలిచింది. వంగి బల్ల కాళ్ల కింద చూసింది. పిల్ల చూస్తే సెలవుల్లో బెత్తెడు పెరిగింది, గౌను చేతులు మోచేతుల దగ్గరికి వచ్చేశాయి.

పని సగంలో వదిలేసి వెనక వీధిలో ఉన్న కూతురి ఇంటికి నడిచింది. గడుగ్గాయి గుమ్మంలో కూర్చుని ఏడాదిన్నర తమ్ముడికి వేళ్ల మీద లెక్కపెట్టడం నేర్పుతోంది. వాడు లెక్కపెట్టిన వేళ్లన్నీ నోట్లో పెట్టుకుంటున్నాడు.

"పిల్లని బడి మాన్పిస్తున్నావా?" లోపలికి వస్తూనే అడిగింది ఆయమ్మ.

కూతురు బట్టలు మడతపెట్టడం ఆపలేదు. "నీకెవరు చెప్పారు?"

"బల్ల పెరగలేదు."

కూతురు ఇక దాచలేదు. "కుట్టు ఫ్యాక్టరీలో పనికి రమ్మన్నారమ్మా, సోమవారం నుంచే. మీ అల్లుడు లారీ ఎక్కితే పదిహేను రోజులకు గానీ దిగడు. నువ్వేమో పొద్దస్తమానం బళ్లోనే ఉంటావు. చంటాణ్ణి ఎవరు చూస్తారు చెప్పు? ఒక్క ఏడాదే. వీడికి కాస్త ఊహ తెలిస్తే మళ్లీ పంపిస్తాను."

"మా అమ్మ కూడా నాతో ఒక్క ఏడాదే అంది. మీ చిన్న మామయ్యని ఎత్తుకోమంది. వాడికిప్పుడు మనవలు పుట్టారు. నాకు ఆ ఏడాది ఇంకా అవలేదు."

కూతురి చేతులు ఆగిపోయాయి. దారి మాత్రం ఆమెకూ కనిపించలేదు. ఆ పని వదులుకుంటే ఇల్లు గడవదని ఆయమ్మకూ తెలుసు, అందుకే తిట్టడానికి మనసు రాలేదు.

తిరిగొచ్చి పెద్ద టీచరు గది ముందు నిలబడింది. "టీచరుగారూ, మనవరాలి బల్ల పెరగలేదు. నా మనవణ్ణి వరండాలో కూర్చోబెట్టుకుని పని చేసుకుంటాను. వాడి అక్క బడికొస్తుంది."

"నాకు మాత్రం మనసు లేదా ఆయమ్మా?" అంది పెద్ద టీచరు. "బల్ల ఉన్న పిల్లల్ని చూసుకోవడమే నీ ఉద్యోగం. ఇంటి పిల్లల్ని తెచ్చుకుంటే ఆఫీసువాళ్లు నీ మీదా నా మీదా విరుచుకుపడతారు. ఆ కిటికీ పక్కది స్టోరులో పెట్టేయి."

ఆయమ్మ సరేనంది. కానీ ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో మొదటిసారి చెప్పిన పని చేయలేదు. మిగతా బల్లల కొలతలన్నీ రాసి ఆ ఒక్క గడీ ఖాళీగా వదిలేసింది. తడిగుడ్డతో ఆ బల్లను రెండుసార్లు తుడిచి, "ఇంకా నాలుగు రోజులుంది, తొందరేం లేదు" అని దానితో చెప్పి తలుపు వేసింది. ఆ తర్వాత మూడు రోజులూ పొద్దున్నే కొలిచింది. యాభై ఆరే.

సోమవారం పొద్దున్న చాక్‌పీసుల డబ్బాతో గదిలోకి వచ్చిన ఆయమ్మ డబ్బా కింద పెట్టేసింది. కిటికీ పక్క బల్ల అరవై మూడుకు లేచింది. దాన్ని ఆనుకుని జానెడు ఎత్తున ఇంకో బల్ల! పిల్లాడు దొర్లి పడకుండా చుట్టూ అంచు, పళ్లొచ్చే వయసువాడు కొరుక్కోవడానికి నున్నటి మూల.

పెద్ద టీచరు వచ్చి కాసేపు చూసింది. "కొలిచి చెప్పు" అంది.

"ఇరవై రెండు."

"వయసు?"

"ఏడాదిన్నర."

"ఏడాదిన్నరకే నాలుగో తరగతా! వీడు మనల్ని మించిపోయేట్టున్నాడు" అంటూ మూడు ప్రతుల్లోనూ రాసింది. "ఇక వీడు మన బడి పిల్లాడు. ఏడిస్తే ఎత్తుకోవడం నీ ఉద్యోగం."

మోకాళ్ల నొప్పి మర్చిపోయి ఆయమ్మ వెనక వీధికి పరుగుపెట్టింది. కూతురు టిఫిను డబ్బా చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఉంది. సంగతి విని డబ్బా కింద పెట్టి, గడుగ్గాయికి జడ వేస్తూ కూర్చుంది. కళ్లనీళ్లకి జడ వంకరగా వచ్చింది.

రెండో గంట కొట్టేసరికి గడుగ్గాయి తన బల్ల దగ్గర ఉంది. తమ్ముడు అప్పుడే నున్నటి మూల కొరకడం మొదలుపెట్టాడు. వెళ్లబోతున్న ఆయమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది పిల్ల.

"అమ్మమ్మా, పాఠం మధ్యలో వీడు ఏడిస్తే?"

"ఏడవనీ. నేనొచ్చి ఎత్తుకుంటాను" అంది ఆయమ్మ. "నువ్వు మాత్రం లేవకు."