దేవుడి రోలు

నేను ఒక రాతి తొట్టిని. పల్నాడులో ఒక చిన్న ఊరి చర్చిలో, బాప్తిస్మానికి నీళ్ళు పట్టుకోవడం నా పని. నన్ను చెక్కిన వీరాచారి చర్చి మెట్టు ఎక్కి ఎరగడు. చర్చి కట్టించిన మిషనరీ దొరగారు కాగితం మీద గీసిన బొమ్మ చూసి ఇదేదో పెద్ద రోలనుకున్నాడు. అతని భార్య నా లోపల చెయ్యి పెట్టి, "ఇందులో ఎంత పిండి రుబ్బుతారంట?" అని అడిగింది. అప్పటి నుంచి ఊళ్ళో నా పేరు దేవుడి రోలు.

రుబ్బింది లేదు గానీ నాకొక సందేహం మిగిలింది. బావిలో ఉన్నప్పుడూ అవి నీళ్ళే, నాలో పోసినా నీళ్ళే. మరి బిడ్డ నుదుటి మీద పడగానే జనం కళ్ళెందుకు తుడుచుకుంటారు?

దొరలు వెళ్ళారు, మన అయ్యగార్లు వచ్చారు. ఆరాధన ఆలస్యమవుతోందని బాప్తిస్మాలు శనివారం సాయంత్రం అయ్యగారి వరండాలోకి మారాయి, స్టీలు గిన్నెతో. నన్ను మూలకు జరిపి లోపల పాత మైకు వైర్లు, పైన ప్లాస్టిక్ పూలు పెట్టారు. మనుషులు దేన్నీ ఊరికే పారెయ్యరు, మర్చిపోతారంతే.

కిందటేడు సుందరపాల్ అయ్యగారు వచ్చి ఆ వైర్లు తీయించి, నన్ను గుమ్మం లోపలే పెట్టించారు. సంఘ కార్యదర్శి జెకర్యా గారికి నచ్చలేదు.

"దారికి అడ్డమండీ."

"అడ్డం ఉండాలనేనండీ," అన్నారు అయ్యగారు.

ఆ వారమే కెజియా వచ్చింది. ఏడో తరగతితో బడి మానేసిన పిల్ల. భర్త బోరు లారీ మీద కర్ణాటక వెళ్ళి నాలుగు నెలలు. చేతిలో తబిత, రెండు కిలోలతో పుట్టిన బిడ్డ. మాట్లాడుతూనే బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తోంది.

"శనివారం గిన్నెతో కానిచ్చెయ్యండయ్యగారూ. నలుగురిలో నాకు నోరు రాదు."

"ఆ నలుగురి కోసమేనమ్మా. నువ్వొక్కదానివే పెంచుతావా ఈ పిల్లని?"

"ఒక్కదాన్నే కదండీ. అదే భయం."

ఆదివారం నాలో మళ్ళీ నీళ్ళు పడ్డాయి. ఎన్నేళ్ళకో, చల్లగా. అయ్యగారు జనం వైపు చూసి, "ఈ బిడ్డ విశ్వాసంలో పెరగడానికి మీరు తోడుగా ఉంటారా?" అని అడిగారు.

జనం కదల్లేదు. వరండా బాప్తిస్మాలకు అలవాటు పడి, తమకూ ఒక జవాబు ఉందనే మర్చిపోయారు. కెజియాకేమో ఆ 'మీరు' తనకే అనిపించింది. దేవుని సన్నిధి కదా, అయ్యగారు మర్యాదగా పిలిచారనుకుంది.

"ఉంటానండి," అంది. "నేనొక్కదాన్నేనండి, ఆయన లారీ మీద వెళ్ళారు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నిన్ను కాదమ్మా, వాళ్ళని," అన్నారు అయ్యగారు.

జెకర్యా గారు గబగబా ఆరాధన పుస్తకం తిరగేశారు. వెనక బల్ల మీద నుంచి సలోమమ్మ, ఊళ్ళో సగం కాన్పులు చేసిన ముసలామె, లేచి నిలబడింది.

"పుస్తకంలో ఎతుకుతావేందయ్యా? ఉంటామను."

"ఉంటాం," అన్నారాయన. తర్వాత అందరూ అన్నారు, ఒకరి తర్వాత ఒకరు, సిగ్గుపడుతూ. తబిత నుదుటి మీద నీళ్ళు పడ్డాయి. తబిత ఏడ్చింది. నా సందేహం అలాగే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం జెకర్యా గారు ఉపవాస ప్రార్థనకు కుర్చీలు వేస్తున్నారు. కెజియా పరుగున వచ్చి నన్ను పట్టుకుని ఆగింది. చంకలో బిడ్డ కాలిపోతోంది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఆయన చేతిలో కుర్చీ కింద పెట్టి, స్కూటరు తాళాలు తీశారు.

"ఎక్కమ్మా, ఆసుపత్రికి."

తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. జ్వరం దిగిన తబిత ఆయన భుజం మీద నిద్రపోతోంది. ఆయన తెల్ల చొక్కా బిడ్డ తడిపిన చోట పసుపుగా మారింది.

"ప్రార్థన కూడా పోయింది. ఇక మీరు ఇంటికెళ్ళండి," అంది కెజియా మొహమాటంగా.

"మీరంటే ఎవరమ్మా? నేనొక్కణ్ణా, అందరమా?"

కెజియా నవ్వింది. నవ్వుతూనే పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నాలో ఆ పూట చుక్క నీళ్ళు లేవు.